ఎర్ర తాళం, పెన్సిల్ పొడి

మా అత్తయ్య తాళాలు తెరిచే మనిషి. మూడంతస్తుల పాత భవనంలో మెట్ల కింద, తలుపు వెడల్పంత చోటులో ఆమె కొట్టు ఉంది. వెనక గోడకు ఒక టేకు పలక, దాని నిండా మేకులు, మేకులకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవుల గుత్తులు. ముందు ఒక బల్ల, ఏడు ఆకురాళ్ళు, తాళంచెవిని కదలకుండా పట్టుకునే ఇనుప దవడ. లోపల ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి ఊపిరి బయట పీల్చుకోవాలి. ఊళ్ళో పదో తరగతి అయ్యాక పై చదువుకని నేను ఆమె దగ్గరికి వచ్చాను. పొద్దుటిపూట కొట్టు, మధ్యాహ్నం కాలేజీ.

తాళంచెవి పోయిందని ఎవరొచ్చినా అత్తయ్య మూడు ప్రశ్నలు అడిగేది. తలుపు ఎవరిది, లోపల ఎవరుంటారు, తలుపు తెరవగానే ఎదురుగా ఏం కనబడుతుంది. మొదటి రెండింటికీ ఎవడైనా చెప్పేస్తాడు. మూడోదానికి తడబడ్డాడంటే వాడి తలుపు కాదన్నమాట. అలాంటివాణ్ణి నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించేసేది.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. తాళం తెరుచుకోగానే చెవి మీది పెన్సిల్ తీసి, దాని ముక్కును తాళంచెవికి రుద్ది, తాళంలో రెండుసార్లు తిప్పి, గుడ్డతో తుడిచి అప్పుడు ఇచ్చేది. నూనె వేస్తే దుమ్ము పట్టి ఏడాదికే బిగుసుకుంటుందట, పెన్సిల్ పొడి అయితే పదేళ్ళు మెత్తగా తిరుగుతుందట. తెరిచిన తాళాన్ని పొడి వేయకుండా వదిలేయడమంటే, ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనకుండా పంపడమే అనేది.

మా సందులో ఇంకొక రకం తాళాలు ఉండేవి. అవి గొళ్ళెం వేసేవి.

గొళ్ళెం అంటే మనిషి. అసలు పేరు ఎవరికీ తెలియదు. సందు వెనక పెద్ద గోదాము అతనిది. నగరంలో ఎక్కడెక్కడో పోయిన సరుకులు మా సందులోని కొట్ల వెనక గదుల్లో కొన్నాళ్ళు దాగి, తర్వాత ఎటో వెళ్ళిపోయేవి. గది ఇవ్వనన్న వాళ్ళ కొట్టుకు తెల్లారేసరికి ఎర్ర రంగు వేసిన పిడికెడంత తాళం పడేది. కొట్టువాడు వెళ్ళి గొళ్ళెం ముందు చేతులు కట్టుకుని నిలబడేదాకా అది అలాగే ఉండేది. పోలీసులను పిలిస్తే, ఎవరు వేశారో చూసిన వాళ్ళు వచ్చి రాసివ్వండి అనేవారు. చూసిన వాళ్ళు ఎవరూ ఉండరు కదా.

ఒక్క వడ్రంగి మామయ్య మాత్రం ఆ తాళాన్ని రంపంతో కోసేశాడు. మా కొట్లో పలక చేసింది ఆయనే. ఆ సాయంత్రమే ఆయన కుడిచేతిని గుమ్మానికీ తలుపుకూ మధ్య పెట్టి తలుపు వేశారు. ఇప్పటికీ ఆ వేళ్ళు సగమే ముడుచుకుంటాయి.

ఆ తర్వాత రెండు నెలలకు టైలరమ్మ కొట్టుకు ఎర్ర తాళం పడింది. అప్పుడామె ఊళ్ళో లేదు, కూతురి కాన్పుకు వెళ్ళింది. మూడోరోజు పొద్దున్న చూస్తే తాళం తెరిచి, ఆమె తలుపు పిడికే బుద్ధిగా తగిలించి ఉంది. కోసిన గుర్తు లేదు, గీత కూడా లేదు. వారం తిరక్కుండా రొట్టెల బట్టీకి వేసిన తాళమూ అలాగే తెరుచుకుంది. సందంతా లోపల్లోపల నవ్వుకుంది. చప్పుడు లేకుండా వచ్చిపోతోంది కాబట్టి ఆ మనిషికి పిల్లి అని పేరు పెట్టారు. పిల్లి ఆరడుగులుంటాడని రొట్టెలాయన, కాదు సన్నగా గాలిలా ఉంటాడని ఇంకొకరు. చూసినట్టే చెప్పేవారు. గొళ్ళెం ఎక్కణ్ణుంచో గట్టి రకం తాళాలు, అన్నీ ఒకే అచ్చువి, పెట్టె నిండా తెప్పించాడు. అవీ తెరుచుకున్నాయి. పిల్లి దొరికిన రోజున ప్రాణం తీయననీ, తాళాలు తెరిచే వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే తీసుకుంటాననీ అందరికీ వినబడేలా చెప్పి పంపాడు.

ఒక గురువారం అత్తయ్య మోకాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. నేనొక్కదాన్నే కొట్లో ఉన్నాను. గొళ్ళెం వచ్చాడు. అతణ్ణి అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నలభై అయిదేళ్ళుంటాయి. శుభ్రమైన గోళ్ళు, మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. మా లెక్కల మాస్టారిలా ఉన్నాడు. వెనక ఊచ అనే బక్కపల్చటి మనిషి నిలబడ్డాడు. ఊచ మా టైలరమ్మకు అక్క కొడుకు. గొళ్ళెం దగ్గర చేరినప్పటినుంచీ ఆమె అతనితో మాట్లాడటం లేదు.

గొళ్ళెం తెరిచి ఉన్న ఎర్ర తాళమూ దాని తాళంచెవీ బల్ల మీద పెట్టాడు. దీన్ని ఎలా తెరిచి ఉంటారో మీ అత్తయ్యను చూసి చెప్పమను అన్నాడు. చెబుతూ తాళంచెవి తిప్పి చూపించి, తెల్లటి జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. రుమాలు మీద బూడిదరంగు మరక పడింది. అతను దానివంక చూశాడు.

"ఇదేంటమ్మా?"

మా ఊరి బడిలో మాస్టారు ఏదైనా అడిగితే లేచి నిలబడి, పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. నాకు తెలిసిన ప్రశ్న ఎవరైనా అడిగితే నా నోరు నన్ను అడగదు.

"అది పెన్సిల్ ముక్కు పొడి అండి. అది వేస్తే తాళం మెత్తగా తిరుగుతుందండి."

చెప్పాక గానీ నాకే వినబడలేదు. 

"తాళాలు చేసేవాళ్ళందరూ వేస్తారా?"

కొందరు నూనె వేస్తారన్నాను. నూనె వేయనివాళ్ళు ఎవరని అడిగాడు. నేను బల్ల మీది ఆకురాళ్ళను వరసగా సర్దడం మొదలుపెట్టాను. అతను నవ్వి, భయపడకు పాపా, పెద్దవాళ్ళను పెద్దవాళ్ళే అడుగుతారు అని వెళ్ళిపోయాడు. అతని మనసులో అత్తయ్య లేదని మాత్రం తెలిసింది. అతను వెతుకుతున్నది గోడలు దూకే మగవాణ్ణి. మోకాలు పట్టుకుని మెట్లెక్కే యాభై రెండేళ్ళ మనిషిని కాదు.

నా మనసులోనూ అప్పటిదాకా లేదు. డాక్టరు నడవమన్నాడని ఆమె రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి వెళ్ళేది. నడకకు వెళ్ళే మనిషి చెవి మీద పెన్సిల్ ఎందుకని నేనెప్పుడూ అనుకోలేదు.

అత్తయ్య రాగానే జరిగింది చెప్పి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఆ ఎర్ర తాళాన్ని చేతిలోకి తీసుకుంది. వడ్రంగి మామయ్య రంపం పట్టుకోవడానికి ముందురోజు తన దగ్గరికి వచ్చాడని అప్పుడు చెప్పింది. తాళం తెరిచి పెట్టమని అడిగాడట. పెన్సిల్ వెతుక్కుంటున్నట్టు ఈమె తల తిప్పుకుందట. "నేను తెరిచుంటే ఆ చెయ్యి బాగుండేదే" అంది. తాళాన్ని గూట్లో పెట్టేసింది.

మర్నాడు ఊచ వచ్చి కబురు చెప్పాడు. గోదాములో పాత తాళాలు పట్టేశాయి, ఆదివారం పది గంటలకు సందులో తాళాలవాళ్ళు అయిదుగురూ వచ్చి బాగు చేయాలి, ఎవరి సరంజామా వాళ్ళు తెచ్చుకోవాలి. రాని వాళ్ళు ఎందుకు రాలేదో అన్న వచ్చి కనుక్కుంటాడు.

అతను చూడబోయేది పెన్సిల్ ఎవరు తీస్తారనేనని మా ఇద్దరికీ అర్థమైంది. అయితే దానికేం, నేనూ ఆ రోజు నూనే వేస్తాను అంది అత్తయ్య. నూనె డబ్బా తెచ్చి ముందు పెట్టుకుంది. వంటగదిలో నేల మీద కూర్చుని ఇంట్లో ఉన్న తాళాలన్నీ తెచ్చి సాధన మొదలుపెట్టాం. నేను తాళం ఇస్తాను, ఆమె తెరుస్తుంది, నూనె వేయాలి. తాళం టిక్కుమనగానే ఆమె చెయ్యి చెవి మీదికి వెళ్ళేది. పెన్సిల్ తీసి దాచేశాను. చెయ్యి వెళ్ళి ఉత్త చెవినే తడుముకునేది. చెవికి గుడ్డ కట్టాను. గుడ్డను తడిమింది. ఒకసారి ఆ చేతిని ఈ చేత్తో పట్టుకుని, నూనె డబ్బా పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక నావంక చూసింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగిపోయాక ఆమె తన వేళ్ళవంక చూసుకుంది.

"ముప్పై ఏళ్ళ నుంచి నా మాటే విన్న చెయ్యి. ఇప్పుడు చూడు."

శనివారం కాలేజీకని బయల్దేరి మలుపులోనే ఆగిపోయాను. ఈ గండానికి కారణం నా నోరు. దాన్ని దాటించే పని ఎవరికీ అప్పగించలేను. చేయగలిగింది ఒకటే తోచింది. అదీ మనుషులతో మాట్లాడే పని. నాకది చచ్చేంత భయం. అందుకని రాశాను. అప్పుడే కొన్న పెన్సిళ్ళు నాలుగు చెక్కి, ఒక్కో కొట్టుకు ఒక్కో చీటీ చొప్పున చుట్టాను. చీటీలో ఇంతే ఉంది: "రేపు గొళ్ళెం పెన్సిల్ రుద్దే చెయ్యి కోసం చూస్తాడు. తాళం తెరిచాక మీరు కూడా ఇది రుద్దండి. మా అత్తయ్య చెయ్యి అలవాటు మానలేకపోతోంది."

ఆ నలుగురు తాళాలవాళ్ళలో ఏ ఒక్కరు దాన్ని తీసుకెళ్ళి గొళ్ళెం చేతిలో పెట్టినా అత్తయ్య వేళ్ళు ఉండవు. అది తెలిసే రాశాను.

మొదట కళ్ళజోడు తాత. పెన్సిల్ పొడి పిల్లకాయల పని అని, నూనె లేని తాళం తాళమే కాదని అత్తయ్యతో ఎప్పుడూ వాదించే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చీటీ చదివాడు, మళ్ళీ కిందికి దించి ఇంకోసారి చదివాడు. "రాత బాగుందమ్మాయ్, ఏ బడి?" అన్నాడు. సందు చివర ఒకే కొట్లో కూర్చునే అన్నదమ్ముల్లో అన్న చదివి తమ్ముడికిచ్చాడు. తమ్ముడు చదివి చీటీని సన్నగా చింపి టీ గ్లాసులో వేశాడు. ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు.

మిగిలింది గొడుగాయన. మా ఎదురుగా పెద్ద నల్ల గొడుగు కింద కూర్చుంటాడు, వెనక చిన్న అర. తన బోర్డు మా బోర్డుకు అడ్డంగా పెట్టాడని అత్తయ్యకూ ఆయనకూ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. నేను చీటీ ఇస్తే విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"ఏం, మీ అత్త బోర్డు గురించేనా? చూద్దాంలే."

కాదని చెప్పాలి. చెప్పకుండానే వచ్చేశాను. ఆయన చదివాడో లేదో ఆ రాత్రంతా తెలియలేదు. అత్తయ్యకు చెప్పడానికీ ధైర్యం చాలలేదు.

ఆదివారం సంచి మోయడానికని నేనూ వెంట వెళ్ళాను. నేను దాచిన పెన్సిల్‌ను ఎప్పుడు వెతుక్కుందో, అది మళ్ళీ అత్తయ్య చెవి మీద ఉంది. గోదాము ముందు ఎండ పడుతున్న ఆవరణ. ఒక చెక్క మీద తుప్పు పట్టిన తాళాలు అయిదు వరసగా పెట్టి ఉన్నాయి, తాళంచెవులతో సహా. గొళ్ళెం కుర్చీలో కూర్చున్నాడు. ఆరుగురు మనుషులు గోడకు ఆనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తెరిచి బాగు చేయండి అన్నాడు. అతని చూపు తాళాల మీద లేదు, చేతుల మీద ఉంది.

కళ్ళజోడు తాత ముందు కూర్చున్నాడు. సంచిలోంచి ఆయన నూనె డబ్బా పొడవాటి ముక్కు బయటికి కనబడుతోంది. తాళం కొంచెం కొట్టి, కదిపి, తిప్పి తెరిచాడు. తర్వాత చొక్కా జేబులోంచి నా పెన్సిల్ తీశాడు. మందు మింగుతున్న మొహం పెట్టి తాళంచెవికి రుద్దాడు. రెండుసార్లు తిప్పాడు.

అత్తయ్య ఆయనవంక చూసింది, తర్వాత నావంక చూసింది. నేను చెప్పుల వంక చూసుకున్నాను.

అన్న తెరిచాడు, పెన్సిల్ రుద్దాడు. తమ్ముడూ అంతే. గొళ్ళెం కాలు ఊపడం ఆపేశాడు.

గొడుగాయన వంతు వచ్చింది.  రెండు చేతులతో పట్టి తాళం తెరిచాడు. తెరిచి, కింద పెట్టి, ఊరికే కూర్చున్నాడు. జేబు తడుముకోలేదు, సంచి వెతకలేదు. నూనె కూడా తీయలేదు.  గొళ్ళెం లేచి ఆయన దగ్గరికి వచ్చాడు.

"నువ్వేం వేయవా?"

గొడుగాయన నుదుటి మీద చెమట కారి ముక్కు చివర ఆగింది.

"మాకందరికీ పెన్సిలే అలవాటండీ." గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ తేవడం మర్చిపోయానండీ. ఇంట్లో చొక్కా మార్చుకున్నా. ఆ జేబులో ఉండిపోయింది."

 అప్పుడు అత్తయ్య మోకాలు పట్టుకుని రెండడుగులు ముందుకు వేసి, చెవి మీది పెన్సిల్ తీసి ఆయనకు అందించింది. ఎనిమిదేళ్ళలో ఆయనతో మొదటి మాట అదే.

"ఇదిగో, నాది వాడు. మళ్ళీ ఇవ్వడం మర్చిపోకు."

ఆయన రుద్దాడు, తిప్పాడు, తిరిగిచ్చాడు. ఆమె కూర్చుని తన వంతు తాళం తెరిచింది. ఇక చేతిని ఆపుకోవలసిన పని లేకపోయింది.

అయిదుగురూ పెన్సిల్ మనుషులేనన్నమాట అన్నాడు గొళ్ళెం. నూనె వేస్తే దుమ్ము పడుతుందండి, ఏడాదికే బిగుసుకుంటుంది అని జవాబిచ్చాడు కళ్ళజోడు తాత, జన్మంతా దానికి ఎదురు వాదించిన మనిషి. గోడకు ఆనుకున్న వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. గొళ్ళెం అటు తిరగలేదు గానీ అతని చెవులు ఎర్రబడ్డాయి. తన మనుషుల ముందు ఎవరూ అతణ్ణి చూసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

"సరే. సంచులు ఇక్కడే వదిలేసి వెళ్ళండి. రేపు మీ నాలుగు కొట్లకీ నా తాళాలే ఉంటాయి. తొమ్మిదింటికి వచ్చి సందులో కూర్చుంటా. ఏ చెయ్యి తెరుస్తుందో, ఆ చెయ్యి అక్కడికక్కడే, అందరూ చూస్తుండగా తీసుకుంటా."

ఆ మధ్యాహ్నం అయిదుగురూ మా వంటగదిలో కూర్చున్నారు. చోటు చాలక తమ్ముడు కిటికీ గట్టు ఎక్కాడు. తెల్లవారకముందే వెళ్ళి ఎప్పటిలాగే తెరిచేసి వస్తానంది అత్తయ్య. వద్దన్నాడు తాత. పిల్లి ఎన్నాళ్ళు తిరుగుతుంది, ఎప్పుడో ఒకనాడు తోక దొరుకుతుంది అన్నాడు. గొళ్ళెం లాక్కోవాలనుకుంటున్నది ఒక్క చెయ్యి కదా, చాలా చేతులుంటే ఏం చేస్తాడు అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దాయన. అందరికీ తాళాలు తెరవడం వచ్చి చావాలి కదా అన్నాడు గొడుగాయన. అత్తయ్య గూట్లోంచి ఎర్ర తాళం తీసి మధ్యలో పెట్టింది, గురువారం గొళ్ళెం వదిలి వెళ్ళినదే. అన్నీ ఒకే అచ్చువి. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే.

సరంజామా లేదు, సంచులు గోదాములో ఉన్నాయి. సన్నటి గట్టి కడ్డీలు కావాలి. గొడుగాయన కాసేపు గోడవంక చూసి, లేచి వెళ్ళి, తన నల్ల గొడుగు తెచ్చి అందరి మధ్యా పడేశాడు. దాని ఊచలన్నీ విరిచి, మంట మీద కాల్చి, కొనలు వంచారు. తర్వాత మెట్ల మీద బడి మొదలైంది. వడ్రంగి మామయ్య వచ్చాడు, టైలరమ్మ వచ్చింది, రొట్టెలాయన భార్య చేతులకు పిండితోనే వచ్చింది. వాళ్ళను చూసి ఇంకొందరు. ఒకరు కడ్డీ తిప్పుతుంటే మిగతావాళ్ళు పక్కనుంచి సలహాలు. తాత చెవి దగ్గర పెట్టి వినమనేవాడు. అత్తయ్య చెవులు కాదు వేళ్ళతో వినండి అనేది. అక్కడ మళ్ళీ వాదన. టైలరమ్మకు మూడోసారికే వచ్చేసింది. సూదిలో దారం ఎక్కించడం కంటే సులువే అంది. మామయ్యకు మాత్రం కుడిచెయ్యి సహకరించలేదు. చీకటి పడేదాకా ఎడమచేత్తోనే కూర్చున్నాడు.

సోమవారం తొమ్మిదింటికి సందు నడుమ కుర్చీ వేసుకుని గొళ్ళెం కూర్చున్నాడు. నాలుగు కొట్లకూ ఎర్ర తాళాలు. ఆరుగురు మనుషులు, వాళ్ళ చేతుల్లో ఇనుప గొట్టాలు. గుమ్మాల్లో, కిటికీల్లో అందరూ నిలబడి ఉన్నారు, రొట్టెల బట్టీ మాత్రం పొగ వదులుతోంది. వడ్రంగి మామయ్య నడిచొచ్చి మా కొట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కడ్డీ ఎడమచేతిలో ఉంది. సగమే ముడుచుకునే కుడిచేత్తో తాళాన్ని కింద నుంచి పట్టుకున్నాడు. గోడలు దూకే మనిషి కోసం చూస్తున్న గొళ్ళెం ఆయన్ను వెంటనే గుర్తుపట్టలేదు. పట్టాక కుర్చీలో ముందుకు వంగాడు.

"ఆ తాళం ఎవరిదో తెలుసుగా?"

జవాబు అత్తయ్య చెప్పింది. మెట్లు దిగి వచ్చి మామయ్య పక్కన నిలబడింది.

"తాళం మీదే. కాదనట్లేదు. కానీ మా పనిలో తాళం ముట్టుకునే ముందు అడిగేది ఒకటుంటుంది. ఈ తలుపు తెరవగానే ఎదురుగా ఏం కనబడుతుంది?"

గొళ్ళెం తలుపువంక చూశాడు. ఎన్నిసార్లో ఆ కొట్టు ముందు నుంచి నడిచాడు, గురువారం బల్ల దగ్గర నిలబడ్డాడు కూడా. ఏమీ చెప్పలేకపోయాడు.

"పలక" అన్నాడు మామయ్య, తల తిప్పకుండానే. "టేకుది. కుడివైపు పైన మేకు వంకరపోయి ఉంటుంది. నేను కొట్టిందే."

గొళ్ళెం ఊచవంక చూసి తల ఊపాడు. ఊచ గొట్టం తీసుకుని ఒక్క అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే టైలరమ్మ తన గుమ్మం దిగి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళి, కళ్ళజోడు తాత కొట్టు ముందు కూర్చుని తాళం అందుకుంది. రొట్టెలాయన భార్య వెళ్ళి గొడుగాయన అర ముందు కూర్చుంది. అన్నదమ్ముల కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు ఒకేసారి కూర్చున్నారు, మెట్ల మీద బడికి వచ్చినవాళ్ళే. ఊచ నిలబడిపోయాడు. టైలరమ్మ కడ్డీ తిప్పుతూనే మాట్లాడింది.

"ఏరా, పిన్ని చెయ్యి కూడానా? చిన్నప్పుడు నీ చొక్కాలన్నీ కుట్టింది ఇదే."

ఊచ గొట్టాన్ని గోడకు ఆనించాడు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా. మిగతావాళ్ళు ఎవరిని కొట్టాలో చెప్పమన్నట్టు గొళ్ళెం వైపు చూశారు.  ఎవరిని చూపించాలో అతనికీ తెలియలేదనుకుంటాను. వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి కావాలి. సందు నిండా మనుషులే ఉన్నారు.

మొదట తెరుచుకున్నది టైలరమ్మది. తర్వాత రెండు. మామయ్య తాళం మాత్రం ఎంతకీ రాలేదు. కడ్డీ రెండుసార్లు జారింది. అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది గానీ అందుకోలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. బట్టీలో రొట్టెలు మాడిన వాసన వస్తున్నా రొట్టెలాయన కదల్లేదు. చివరికి టిక్కుమంది. చిన్న చప్పుడే, కానీ సందు ఆ చివర ఉన్న అన్నదమ్ములూ విన్నామన్నారు.

మామయ్య వెంటనే లేవలేదు. వంగని కుడిచెయ్యి పక్కకు చాపాడు. అత్తయ్య చెవి మీది పెన్సిల్ తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టింది. తాళంచెవి లేదు కాబట్టి కడ్డీ కొనకే రుద్ది, రెండుసార్లు తిప్పి, చొక్కా అంచుతో తుడిచాడు. అప్పుడు లేచి తాళం తీసుకెళ్ళి గొళ్ళెం ఒళ్ళో పెట్టాడు.

"మీది. ఇప్పుడు మెత్తగా తిరుగుతుంది."

గొళ్ళెం దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. కుర్చీ తీసుకెళ్ళమని చెప్పినా ఎవరూ తీసుకెళ్ళలేదు.

అంతటితో అన్నీ అయిపోయాయని కాదు. ఆ నెలలో ఇంకా మూడు ఎర్ర తాళాలు పడ్డాయి. మూడూ తొమ్మిది గంటలకే, ఎండలో, కొట్టువాళ్ళ చేతులతోనే తెరుచుకున్నాయి. వెనక గదులు ఎవరూ ఇవ్వకపోవడంతో సరుకులు గోదాము ఆవరణలోనే పేరుకున్నాయి. దారిన పోయేవాళ్ళకు కూడా కనబడుతుంటే, చూసిన వాళ్ళు కావాలన్న పోలీసులు ఈసారి చూడక తప్పలేదు. రాసివ్వడానికి టైలరమ్మతో కలిపి పదకొండు మంది వెళ్ళారు. పన్నెండో మనిషిగా ఊచ వెళ్ళాడు. గోదాముకు ఇప్పుడు పోలీసుల తాళం ఉంది. సంచులు మాత్రం తిరిగొచ్చాయి. గొళ్ళెం వేరే పేటలో కనబడ్డాడని ఒకరు, లేదు ఊరే విడిచాడని ఇంకొకరు అంటారు. ఆ పేటవాళ్ళు ఇద్దరు పోయిన వారం వచ్చి, మెట్ల మీద బడి మళ్ళీ ఎప్పుడని అడిగారు.

అత్తయ్య ఇప్పుడు పొద్దున్న నిజంగానే నడకకు వెళుతోంది. మోకాలు కొంచెం నయం. గొడుగాయనకు సందువాళ్ళు కొత్త గొడుగు కొనిచ్చారు, పాతదాని కంటే పెద్దది. అది ఇప్పుడు మా బోర్డును మొత్తంగా కప్పేస్తోందని నిన్న ఇద్దరూ గంటసేపు పోట్లాడుకున్నారు. మధ్యలో ఆయన చెయ్యి చాపితే ఈమె పెన్సిల్ ఇచ్చింది. ఆయన వాడుకుని ఇచ్చేశాడు. పోట్లాట సాగింది.

గొళ్ళెం కుర్చీ మా కొట్టు ముందే ఉంది. వచ్చినవాళ్ళు అందులోనే కూర్చుంటారు. ఇవాళ ఒకాయన కూర్చుని, ఇంటి తాళంచెవి పోయింది, వచ్చి తెరుస్తారా అన్నాడు. అత్తయ్య లేదు. నేను లేచి నిలబడ్డాను, కానీ జవాబు చెప్పడానికి కాదు. ఆయన మొహంలోకి చూసి, తలుపు తెరవగానే ఎదురుగా ఏం కనబడుతుందో చెప్పమన్నాను.